వాకిలి యూడ్చి పెట్టెడి మంట



గతమాసమున త్రాగునీటి బిందెలను గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున పొగను గూర్చి వ్రాయబూనితిమి. పొగ యనగానే మీలో ననేకులు "మా యింట గ్యాసుపొయ్యి వచ్చి యెన్నియో యేండ్లైనది, మాకు పొగతో పనియేమి?" యని పుట త్రిప్పుదురేమో. మేమును మొన్నమొన్నటివరకు నట్లే యనుకొంటిమి. అందుచేత నితరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా తప్పుతోనే మొదలుపెట్టుచున్నాము.

మా పెరటిలో రెండు వేపచెట్లును, వాకిట నొక బాదముచెట్టును గలవు. మేము కాపురమునకు వచ్చి పదునాలుగేండ్లైనది. నాటినుండియు, తెల్లవారకమున్నే లేచి, వాకిలియు పెరడును ఊడ్చి, రాలిన యాకులను ప్రహరీగోడ మూలకు పోగుచేసి నిప్పుపెట్టుట మా నిత్యకృత్యము. ఈ పద్ధతి మా యత్తగారు నేర్పినది. వారికి వారి యత్తగారు నేర్పిరి. కాని వారి నాటి పోగులో ఆకులును పుల్లలును మాత్రమే యుండెడివి. మా పోగులోనికి పాలప్యాకెట్లును, పచారుకొట్టు సంచులును, మాత్రల రేకులును, తెగిన చెప్పులును ఎప్పుడు వచ్చి చేరెనో మాకే తెలియదు. పైగా తడియాకులు రాజుకొననప్పుడు పాలప్యాకెట్టు నొకదానిని వెలిగించి యడుగున దోపుట సులువని మేమే కనిపెట్టి, ఆ తెలివికి మురిసికొనుచుంటిమి.

మా గోడకావలి యింట నేడేండ్ల బాలుడు గలడు. మావారి బడిలోనే రెండవ తరగతి చదువుచున్నాడు. చురుకైన పిల్లవాడు, చలికాలము వచ్చెనా, ఆయాసముతో వారమున రెండు దినములు బడికి రాడు. గత సంవత్సరము మార్గశిరమున నొకనాడు మావారు తరగతిలో "తెల్లవారినదని మీకెట్లు తెలియును?" అని పిల్లల నడిగిరట. ఒకడు కోడి కూయుననెను. ఒకతె రామాలయములో మైకు పెట్టుదురనెను. ఈ బాలుడు లేచి చేతులు కట్టుకొని, "మీ యింటి పొగ వస్తుందండి, మాస్టారూ!" అనెనట.

మావారు మధ్యాహ్నము భోజనము చేయుచు ఈ మాట చెప్పిరి. దానికి మరియొక మాట జోడింపలేదు. మజ్జిగ పోసికొని తిని లేచిపోయిరి. మాకు మాత్రము ఆపూట అన్నము సహింపలేదు.

సాయంకాలము గోడకావలి యింటికి పోయితిమి. ఆ తల్లి మొదట, "పిల్లవాడి మాటకేమిలెండి, అక్కయ్యగారూ!" యని కొట్టివేసినది. మేము పట్టుబట్టి యడుగగా నొక్కొక్క మాటగా చెప్పినది. కార్తికమున నొకరాత్రి పిల్లవానికి ఊపిరి యాడక, డొక్కలెగురవేయుచుండగా, ఆటోలో పట్టణమునకు తీసికొనిపోయిరట. అక్కడి వైద్యుడు, "మీ యింట కట్టెలపొయ్యి యున్నదా? చుట్ట కాల్చువారున్నారా?" యని యడిగెనట. లేరని యీమె చెప్పెనట. "మరి యే పొగయు లేదా?" యనగా నేమియు పలుకక యూరకున్నదట. నాటినుండి వేకువను నాలుగున్నరకే లేచి మా వైపు కిటికీ మూసి, తలుపు సందులో పాతచీర కుక్కుచున్నది. "ఒక్కమాట చెప్పకపోతివా, అమ్మా!" యని మేమనగా, "మాస్టారుగారి ఇల్లు కదండీ, ఎలా చెబుతాం?" అన్నది.

ఆ మాట మాకు పిల్లవాని మాటకంటె నెక్కువ గ్రుచ్చుకొన్నది. మా మీది గౌరవముచేత వారి నోరు మూతపడినది. ఆ నోటనే మా పొగ చొరబడుచున్నది.

పొగలో నేమున్నదో తెలిసికొనవలెనని మావారిచేత పుస్తకములు తెప్పించి చదివితిమి. మనకు కంటికి కనబడు మసి గొంతులోను ముక్కులోను చిక్కుకొనును. దానిని చీదియో దగ్గియో వెలికి త్రోయుదుము. కంటికి కనబడని నుసి వేరొకటి గలదు. 2.5 మైక్రానులకు మించని ఆ నుసి, మన తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. అది యూపిరితిత్తుల చివరి గదులవరకు పోయి, అక్కడనుండి నెత్తురులో గూడ కలియగలదు. ఆయాసము, దగ్గు మాత్రమే కాదు, గుండెజబ్బును పక్షవాతమును గూడ దానివలన గలుగునని వైద్యులు తేల్చియున్నారు. పసిపిల్లలు పెద్దలకంటె త్వరత్వరగా ఊపిరి తీయుదురు. కావున వారి వంటికి తగినదానికంటె ఎక్కువ పొగ వారికి చేరును.

వేసవిలో పొగ పైకి పోవుటయు, చలికాలమున నేలబారుగా ప్రాకుటయు మనమందరమును చూచినదే. కారణము మాత్రము మేమిటీవలనే యెరిగితిమి. పగటివేళ నేలనంటిన గాలి వెచ్చగను, పైగాలి చల్లగను ఉండును. వెచ్చనిగాలి తేలిక గాన పొగను వెంటగొని పైకేగును. హేమంతమున రాత్రియెల్ల నేల చల్లబడి, తన్నంటిన గాలిని గూడ చల్లబరచును; దానిమీద వెచ్చనిగాలి దుప్పటివలె కప్పుకొనును. సూర్యుడు పైకి వచ్చి నేలను కాచువరకు ఆ దుప్పటి తొలగదు. క్రింది పొగ క్రిందనే యుండును. మేము నిప్పుపెట్టు వేళ సరిగా నదియే.

ఇక ప్లాస్టిక్కు మాట. ఆకు కాలిన పొగయే చెరుపు చేయునన్నచో, దీనిని గూర్చి వేరుగ చెప్పవలెనా? మాత్రల రేకులలోను, విద్యుత్తు తీగల తొడుగులలోను, కొన్ని చెప్పులలోను పి.వి.సి. యను ప్లాస్టిక్కు వాడుదురు. అందులో క్లోరిను గలదు. పెరటిమంట వంటి చిన్నమంటలో అది కాలినప్పుడు డయాక్సినులను విషములు పుట్టును. ఇవి గాలిలో కలిసి పోవుననుకొనుట పొరపాటు. బూడిదతోను ధూళితోను గడ్డిమీద పడును. ఆ గడ్డి పశువు మేయును. పశువు కొవ్వులో అవి నిలిచి పాలలోనికి దిగును. మనుష్యులకు చేరు డయాక్సినులలో నూటికి 90 వంతులకు పైగా ఆహారమునుండియే, అందును ముఖ్యముగా మాంసము, పాలు, చేపలు వీనినుండియే వచ్చుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తల్లిపాలలోను ఇవి కనబడినవి. గోడమూల మేము కాల్చిన మాత్రల రేకు ఏ యింటి పాలచెంబులో తేలెనో యెవరు చెప్పగలరు? ఇట్లు బహిరంగముగా చెత్త కాల్చువారికి 5,000 రూపాయలును, పెద్దమొత్తమున కాల్చువారికి 25,000 రూపాయలును జరిమానా విధింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2016 డిసెంబరులో ఆజ్ఞాపించినది. మా వీధిలో నెవరును కట్టినట్లు మేమెరుగము. కట్టవలసినచో మొదటి పద్దు మాదే యయి యుండెడిది.

వంటయింటి పొగను గూర్చియు కొంచెము చెప్పవలెను. మా తండ్రిగారు ఇంట కూర్చుండబెట్టి చదువు చెప్పిన దినములలో, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యతిథిపూజను చదివించిరి. విడువని జడివాన, వచ్చిన భాగవతులకు వండి పెట్టవలెను, భార్య కన్నులకు పొగ సోకకుండుటకై యాయింట ఎండిన కొబ్బరి వంటచెరకుతో పొయ్యి రాజేయుదురు. నాడు మాకు పదునొకండేండ్లు. అన్నమును, పప్పును, వడియములును, వరుగులును, పెరుగును వర్ణించిన తీరునకు నోరూరినదేగాని పొగ మాట పట్టించుకొనలేదు. ఇప్పుడు మరల చదువగా, 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలి, యుద్ధములు చేసిన యా ప్రభువు ఒక గృహిణి కన్నుల మంటను గమనించి పద్యములో నుంచుట మాకు మిక్కిలి వింతగా నున్నది. మన యిండ్లలో పురుషులెందరు గమనింతురో పాఠకురాండ్రే చెప్పవలెను.

వంటపొగకు విరుగుడు వెదకుట మన దేశములో క్రొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజుగారు గొట్టము గల మట్టిపొయ్యి నొకదానిని రూపొందించి, పొగలేని వంటయిండ్లను గూర్చి 1953లో పుస్తకము వెలువరించిరి. అటుపిమ్మట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపము పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి, పేదయిండ్ల స్త్రీలకు గ్యాసు చేరినది. ఐనను 2020వ సంవత్సరమున ఇంటిలోని పొగవలన ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో 2,37,000 మందికి పైగా అయిదేండ్లు నిండని పసివారు. మా యూర గ్యాసున్న యిండ్లలో గూడ సిలిండరు వెలకు జంకి, స్నానపు నీళ్లకు కట్టెలపొయ్యి నుంచుకొన్నవారు చాలమంది గలరు. వారిని తప్పుపట్టము. ఆ పొయ్యిని ఆరుబయట బెట్టుకొనుడు. కట్టెలను వానకు తడువనీయక చీల్చి యెండబెట్టుడు. రాజుకొనుటకు ప్లాస్టిక్కు సంచి నుపయోగింపకుడు. నీళ్ల కాగుమీద మూత పెట్టుడు. వంటకు ముందు పప్పులు నానవేయుటయు నిట్టిదే. కట్టె గాని గ్యాసు గాని కలిసివచ్చును. ఇవన్నియు మీకు తెలిసినవే.

ఇక మా యింటి కథ. మేము మంట మానెదమనగానే మా యత్తగారు కోపగించిరి. "పొగ లేకపోతే దోమలు పీక్కు తింటాయి" అనిరి. వారి మాట నేమియు లేనిదని త్రోసివేయలేదు. వేపాకు పొగకు దోమలు కొంత దూరము తొలగుట నిజమే. కాని మంట పెట్టునది వేకువను. దోమలు మమ్ము పట్టునది మాపటివేళను. పొగ యుండగా నుండని దోమ పొగ పోగానే వచ్చును. అంతట వారు, మంట మానినచో రాత్రి దోమలబత్తి చుట్ట వెలిగింపవలెననిరి. ఇది మరియొక చిక్కు. ఒక చుట్ట పూర్తిగా కాలినచో 75 మొదలు 137 సిగరెట్లు కాల్చినంత సన్ననుసిని వెలువరించునని 2003లో ప్రచురింపబడిన పరిశోధన యొకటి తేల్చినది. తలుపులు మూసిన గదిలో, పిల్లల తలాపున, రాత్రియెల్ల! ఆ చుట్టలను మేమును నేండ్లతరబడి వెలిగించినవారమే. ఇప్పుడు దోమతెర కట్టుచున్నాము. శుక్రవారము శుక్రవారము పూలకుండీల పళ్లెములు, కాకులకు పెట్టు నీళ్లచిప్ప, వాడని తొట్టి వంచివేయుచున్నాము. డెంగ్యూ దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చువరకు నీటిలో సుమారు వారము పది దినములుండవలెను గాన, వారమున కొకసారి వంచిన చాలును.

ఆకులనేమి చేయవలెనన్నది మిగిలినది. గత మాఘమున, ఆకురాలు కాలము మొదలగునప్పుడు, పెరటిమూల మూడడుగుల గుంట త్రవ్వించితిమి. అందులో వంటింటి తొక్కలును, కూరల తరుగును, మిగిలిన యన్నమును ప్రతిదినము వేయసాగితిమి. ఆకులు ఎండినవి కదా, తరువాత వేయవచ్చునని వేరుగా పోగుపెట్టితిమి. ఎనిమిది దినములలో గుంట కంపుకొట్టి, పురుగులు పట్టి, పెరటిలోనికి పోలేని స్థితి వచ్చినది. మా యత్తగారు ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని, "పొగే నయం!" అనిరి. దానికి బదులు చెప్పలేకపోయితిమి. పైగా గుంటలో పాములు చేరునని వారి భయము. ఆ భయము మాకును లేకపోలేదు.

తప్పెక్కడనో మా యింటికి పాలు పోయు నవ్వ చెప్పినది. ఆమె చదువుకొన్నది కాదు. గుంటలోనికి తొంగిచూచి, "తడి మీద పొడి లేదు కదమ్మా!" యన్నది. తొక్కలవంటి పచ్చిపదార్థము ఒంటిగా నుండినచో గాలి చొరక కుళ్లును. ఎండుటాకులు దాని మధ్య చేరినచో గాలి యాడి, కుళ్లక చివికి మట్టియగును. తరువాత పుస్తకములలో చూడగా అదియే మాట గలదు, పేరులు మాత్రమే పెద్దవి. గుంట పూడ్పించి, నేలమీదనే పాతయిటుకలను సందులు విడిచి చుట్టును పేర్చి దొడ్డివలె కట్టితిమి. ఒక గంపెడు తడికి మూడు గంపల యెండుటాకులు. వానిమీద పేడనీరు చిలుకరించి, గుప్పెడు పాతమట్టి చల్లుట. వండిన యన్నము వేయుట మానితిమి. పదునైదు దినముల కొకసారి పారతో తిరుగవేయుట. ఇందువలన పాము కాపురముండుటకును వీలులేదు. పిడికిట పట్టి పిండినచో చేయి తడియై, నీరు కారకున్నచో తడి సరిపోయినట్లు. తిరుగవేయునప్పుడు లోపలినుండి వెచ్చని యావిరి వచ్చుట చూచి మొదట నిప్పంటుకొన్నదేమోనని బెదరితిమి. అది చివుకుటవలన పుట్టిన వేడియట.

బాదమాకులు మాత్రము మొండివి. వేపాకు మూడు నెలలలో పొడియైనను, బాదమాకు ఈనెలు ఆషాఢమువరకు నట్లే యుండెను. వానిని ముందుగా కాలితో త్రొక్కి విరిచి వేయుట మేలని తెలిసికొంటిమి. ఆషాఢమున జల్లెడ పట్టగా పదునొకండు గంపల నల్లనియెరువు వచ్చినది. బీరపాదునకును, మల్లెమొదళ్లకును వేసితిమి. బీరకాయలు వీధివీధియంతయు పంచితిమని మా యత్తగారు చుట్టములకెల్ల చెప్పుచున్నారు. కంపుకొట్టిన గుంట మాట వారిప్పుడెత్తరు, మేమును ఎత్తము. పాలప్యాకెట్లను కడిగి ఆరవేసి, వారమున రెండుసార్లు వచ్చు పంచాయతీ బండికి ఇచ్చుచున్నాము. ఒక్కొక్కప్పుడు బండి రాదు. అప్పుడు సంచి నిండి వంటింటిలో నడ్డముగా నుండును, విసుగు కలుగును, చేయి అగ్గిపెట్టెవైపు పోవును. ఇది గూడ వ్రాయకున్న నిజము చెప్పినట్లు కాదు.

గోడకావలి బాలుని సంగతి మీరడుగుదురు. మా మంట మానుటతో వాని జబ్బు మాయమైనదని వ్రాయజాలము. వాడిప్పటికిని పీల్చుమందు వాడుచునే యున్నాడు, వైద్యుడు మాన్పవలదనెను. వీధిలో మరి నాలుగిండ్ల మంటలు గలవు. పొలములలో గడ్డి కాల్చు దినములును గలవు. ఈ కార్తికమున వానిని రాత్రివేళ పట్టణమునకు తీసికొనిపోవలసిన యవసరము రాలేదు. వాని తల్లి మా వైపు కిటికీ యిప్పుడు తెరచియుంచుచున్నది. ఆ కిటికీలోనుండి పచ్చడిగిన్నెలు గోడమీదికి, గోడమీదినుండి కిటికీలోనికి పోవుచున్నవి.

ఇంక నీ మాసము గడచినచో భోగి. గత భోగినాడు మా వీధి కుర్రవాండ్రు మంటలో రెండు మోటారుసైకిలు టైర్లు వేసిరి. నల్లనిపొగ మేడలపైవరకు లేచినది. ఆ బాలుని తల్లి ముందునాడే వానిని వెంటబెట్టుకొని పుట్టింటికి పోయినది. పండుగనాడు పిల్లవాడు తన వీధిలో నుండలేకపోవుట మా మనస్సున కలుక్కుమన్నది. కావున ఈ యేడు ముందుగనే వీధిలోని స్త్రీలము పదునొకండుగురము మా యరుగుమీద కూడితిమి. ఇంటికొక మంట మాని వీధికంతకు నొకే మంట వేయుటకును, అందులో ఎండుకట్టెలును పిల్లల పిడకలదండలును తప్ప టైర్లు, ప్లాస్టిక్కు, రంగు పూసిన చెక్క వేయకుండుటకును ఒప్పుకొంటిమి. చలిలో ఉదయపు మంట యొకటియైనను పొగయే యని మాకు తెలియును. కాని పండుగను మానుమని చెప్పుటకు మాకు నోరు రాలేదు. బాలుడు గాలికెదురు దిక్కున, తన యింటి మేడమీదనుండి చూచునట్లు ఏర్పాటు. తన పిడకలదండను మాత్రము మావారిచేత వేయించునట. టైరు లేనిదే మంట యెగయదని కుర్రవాండ్రు సణుగుచున్నారు. వారి తల్లులు చూచుకొందురు.

నిన్న రాత్రి మా యత్తగారు అటకమీదనుండి పాతచాప నొకదానిని దింపించి, "దీన్నయినా భోగిలో వెయ్యనిస్తావా?" యని యడిగిరి. తుంగచాపయైనచో వేయవచ్చును, ప్లాస్టిక్కుదైనచో వలదంటిమి. దీపము దగ్గర పెట్టి అంచు నలిపి చూచితిమి. అంచు తుంగయే; మధ్యలో నేతదారము మాత్రము నైలానుది. వారిప్పుడు కండ్లజోడు పెట్టుకొని, ఆ దారమును పోగుపోగుగా లాగుచు అరుగుమీద కూర్చున్నారు.